గెటిస్‌బర్గ్‌లో ఎవరి మాట ఎవరు విన్నారు?

ఎడిసన్_నాని
పోయిన వారం పిల్లలను తీసుకుని పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ వెళ్లాం. 1863 జులై 1 నుంచి 3 వరకు అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన చోటు. ఆ పొలాల్లో 1,300కు పైగా స్మారక శిలలు, విగ్రహాలు ఉన్నాయట. మూడు గంటలు కారులో తిరిగితే చివరికి నాకు మిగిలింది తలనొప్పి. ఒక రాయి మీద రెజిమెంట్ అని, పక్క రాయి మీద బ్రిగేడ్ అని, ఇంకోచోట డివిజన్, కోర్ అని. ఉత్తరాది సైన్యంలో ఏ పెద్ద విగ్రహం దగ్గర ఆగినా మేజర్ జనరలే. అక్కడ పోరాడిన సైన్యానికి అధిపతి మీడ్ మేజర్ జనరల్. ఆయన కింద కోర్‌ను నడిపినవాడూ మేజర్ జనరలే. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరు? మా పెద్దమ్మాయి "నాన్నా, వీళ్లలో ఎవరు పెద్ద?" అని అడిగితే ఐస్‌క్రీం దుకాణం చూపించి తప్పించుకున్నాను.

తెలిసినవారు చెప్పండి. ఈ సైన్యాలను ఎలా విభజించారు? ఆజ్ఞ పైనుంచి కిందికి ఎలా వెళ్లేది? ఉత్తరాదికి ఏడు కోర్‌లు, దక్షిణాదికి మూడే ఎందుకు?

పాత_సుబేదారు
కిందినుంచి మొదలుపెట్టు నాని, పైనుంచి చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. కంపెనీ అంటే కాగితం మీద 100 మంది, కెప్టెన్ నడుపుతాడు. పది కంపెనీలు కలిస్తే రెజిమెంట్, కల్నల్ నడుపుతాడు. నాలుగైదు రెజిమెంట్లు ఒక బ్రిగేడ్. రెండు మూడు బ్రిగేడ్లు, దక్షిణాదిలో అయితే నాలుగైదు, ఒక డివిజన్. రెండు మూడు డివిజన్లు ఒక కోర్. నేను మద్రాస్ రెజిమెంట్‌లో 24 ఏళ్లు చేశాను కాబట్టి ఒక హెచ్చరిక: మన సైన్యంలో రెజిమెంట్ అంటే ఎన్నో బెటాలియన్లున్న పెద్ద కుటుంబం. వాళ్లకు అప్పట్లో రెజిమెంట్ అంటే మన ఒక్క బెటాలియన్ లాంటిది. అక్కడే చాలామంది తికమకపడతారు.

తీరిక_లేదు
పది కంపెనీలు, ఒక్కోదానిలో వంద. అంటే రెజిమెంట్‌కు వెయ్యి మంది. నాని గారు చూసిన రాళ్లు ఎన్ని, మనుషులు ఎన్ని! లెక్క కుదరడం లేదే.

చదువరి63
కుదరదు, ఎందుకంటే వెయ్యి అన్నది ఊరు వదిలిన రోజు లెక్క. రెండేళ్ల జ్వరాలు, విరేచనాలు, తూటాలు అయ్యాక గెటిస్‌బర్గ్ చేరేసరికి చాలా రెజిమెంట్లలో మూడు నాలుగు వందలే మిగిలారు. మిన్నెసోటా ఒకటో రెజిమెంట్ జులై 2 సాయంత్రం ఎదురుదాడికి దిగినప్పుడు 262 మంది అని చెబుతారు.

మరి తగ్గినచోట కొత్తవాళ్లను ఎందుకు నింపలేదు? ఉత్తరాదిలో రెజిమెంట్లను లేపేది రాష్ట్ర గవర్నర్లు. పాత రెజిమెంట్‌కు మనుషులను పంపితే గవర్నర్‌కు ఒరిగేదేమీ లేదు. కొత్త రెజిమెంట్ లేపితే ఒక కల్నల్ పదవి, ఒక లెఫ్టినెంట్ కల్నల్ పదవి, ఒక మేజర్ పదవి, పది మంది కెప్టెన్లు. తనవాళ్లకు పంచిపెట్టుకోవచ్చు. అందుకే కొత్త జెండాలు పుడుతూనే ఉన్నాయి, పాతవి చిక్కిపోతూనే ఉన్నాయి.

తీరిక_లేదు
పదవుల పంపకం అన్నారు కదా, ఇక అర్థమైంది. ఇది మనకు కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు.

లెక్కల_మాస్టారు
ఏడుకు మూడు అన్న ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. ఉత్తరాదివారు 90,000కు పైగా, దక్షిణాదివారు 70,000కు పైగా. ఉత్తరాదికి 7 పదాతి కోర్‌లు, 19 డివిజన్లు, 51 బ్రిగేడ్లు. దక్షిణాదికి 3 కోర్‌లు, 9 డివిజన్లు, 37 బ్రిగేడ్లు. భాగించి చూడండి. దక్షిణాది కోర్‌లో ఇరవై వేల మంది వరకు ఉంటే ఉత్తరాది కోర్‌లో పది, పన్నెండు వేలు. కాబట్టి ఉత్తరాది కోర్, దక్షిణాది డివిజన్ కంటే మరీ పెద్దదేమీ కాదు. పేరు ఒకటే, పరిమాణం వేరు. రాళ్ల మీది పేర్లను బట్టి పోల్చితే తప్పు లెక్క వస్తుంది.

ఎడిసన్_నాని
మాస్టారూ, ఇది ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఐస్‌క్రీం డబ్బులు మిగిలేవి. సరే, అయితే మీడ్ ఒక్కడు ఏడుగురితో మాట్లాడాలి. అశ్వికదళం, అదనపు ఫిరంగులు కలిపితే తొమ్మిదిమంది. దక్షిణాది సైన్యాధిపతి లీ ముగ్గురితో, అశ్వికదళపు స్టువర్ట్‌తో మాట్లాడితే చాలు. లీ పనే సులువు కదా?

పల్నాటి_పుల్లన్న
సులువైతే గెలిచేవాడు కదా.

చదువరి63
పుల్లన్న ఒక్క ముక్కలో తేల్చేశారు కానీ విషయం అంత తేలిక కాదు. మే నెల దాకా లీ కింద రెండే కోర్‌లు, లాంగ్‌స్ట్రీట్‌ది ఒకటి, జాక్సన్‌ది ఒకటి. వర్జీనియాలోని ఛాన్సలర్స్‌విల్ పోరులో మే 2 రాత్రి చీకట్లో సొంత మనుషులే జాక్సన్‌ను కాల్చారు. మే 10న చనిపోయాడు. ఒక్కొక్క కోర్ ఒక్క మనిషికి మరీ పెద్దదని లీకి ముందునుంచే అనిపించేది. ఈ సందర్భంలో మూడుగా విడగొట్టి యూయెల్‌కు ఒకటి, ఏ. పి. హిల్‌కు ఒకటి ఇచ్చాడు. ఇద్దరూ డివిజన్ నడిపి పేరు తెచ్చుకున్నవారే. కోర్ మాత్రం కొత్త. అంటే మూడింట రెండు భాగాల సైన్యం చేతులు మారి నెల తిరగకముందే పెన్సిల్వేనియా బయలుదేరింది.

ఉత్తరాదిలో కొత్తదనం ఇంకా పైన. జూన్ 28 తెల్లవారుజామున మేరీలాండ్‌లో ఫ్రెడరిక్ దగ్గర గుడారంలో నిద్రపోతున్న మీడ్‌ను వాషింగ్టన్ నుంచి వచ్చిన కల్నల్ హార్డీ లేపాడు. మీడ్ తనను అరెస్టు చేయడానికి వచ్చారనుకున్నాడట! తీరా చూస్తే అప్పటిదాకా సైన్యాధిపతిగా ఉన్న హుకర్ దిగిపోయాడు, సైన్యమంతా నీదే అన్న ఉత్తర్వు. యుద్ధానికి మూడు రోజుల ముందు.

పాత_సుబేదారు
కొత్త కమాండర్ మాత్రమే కాదు, పాత కమాండర్ మనుషులతో. మీడ్ సిబ్బందికి అధిపతి బటర్‌ఫీల్డ్, హుకర్‌కు కుడిభుజం. మార్చాలని మీడ్ ఒకరిద్దరిని అడిగి చూశాడు, కుదరలేదు, అతనితోనే నెట్టుకొచ్చాడు. యుద్ధం అయ్యాక మీడ్ వెనక్కి పోవాలనుకున్నాడని చెప్పినవారిలో ఈ బటర్‌ఫీల్డ్ ఒకడు. అయినా అతనికి ఒక దణ్ణం పెడతాను. సైనికుల అంత్యక్రియల్లో అమెరికావారు ఊదే ట్యాప్స్ బాణీ 1862లో అతని శిబిరంలోనే రూపుదిద్దుకుంది. మన దగ్గర లాస్ట్ పోస్ట్ ఊదుతారు. రెండూ విన్నవాడిగా చెబుతున్నాను, రెండింటికీ కళ్లు చెమరుస్తాయి.

ఎర్రమట్టి
అసలు ప్రశ్న దారి తప్పుతోంది. అందరూ మేజర్ జనరళ్లయితే ఎవరు ఎవరి మాట వినాలి?

లెక్కల_మాస్టారు
దానికి నా దగ్గర అనుభవం ఉంది. మేం పన్నెండు మందిమి ఒకే డీఎస్సీలో ఎంపికై ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ముప్పై ఏళ్ల తర్వాత ప్రధానోపాధ్యాయుడి కుర్చీ ఖాళీ అయినప్పుడు ఎవరు సీనియర్ అని పెద్ద తగవు. చివరికి ఎంపిక జాబితాలో ఎవరి పేరు ముందుంటే వారే సీనియర్ అన్నారు. నా పేరు కిందుంది. అలా కింద నుంచే పదవీ విరమణ చేశాను.

అక్కడా అదే. ఉత్తరాది సైన్యంలో అప్పటికి మేజర్ జనరల్‌కు పైన హోదా లేదు. కాబట్టి హోదా పొందిన తేదీని చూస్తారు. తేదీ కూడా ఒకటే అయితే జాబితాలో వరుస చూస్తారు. హాన్‌కాక్, హోవార్డ్ ఇద్దరిదీ 1862 నవంబర్ 29. జాబితాలో హోవార్డ్ ముందు.

దక్షిణాదివారు ఈ ముడిని ముందే విప్పుకున్నారు. సైన్యాధిపతి జనరల్, కోర్‌కు లెఫ్టినెంట్ జనరల్, డివిజన్‌కు మేజర్ జనరల్, బ్రిగేడ్‌కు బ్రిగేడియర్ జనరల్. మెట్టు మెట్టుకూ పేరు వేరు. ఈ ఒక్క విషయంలో వారి పద్ధతే శుభ్రం.

చదువరి63
మాస్టారి ఉదాహరణ సరిగ్గా జులై 1 మధ్యాహ్నానికి అతికినట్టు సరిపోతుంది. ఉదయమే ఒకటో కోర్ అధిపతి రేనాల్డ్స్ తూటా తగిలి చనిపోయాడు. అప్పటికి ఎడమ పక్కనున్న మూడు కోర్‌లూ ఆయన అధీనంలోనే ఉన్నాయి. మైదానంలో ఉన్నవారిలో సీనియర్ హోవార్డ్ కాబట్టి బాధ్యత ఆయనకు వెళ్లింది. మీడ్ ఇంకా దూరంగా టానీటౌన్‌లో ఉన్నాడు. వార్త అందగానే రెండో కోర్ అధిపతి హాన్‌కాక్‌ను "నువ్వు వెళ్లి అంతా చేతికి తీసుకో" అని పంపాడు. హాన్‌కాక్ "హోవార్డ్ నాకంటే సీనియర్" అన్నాడు. మీడ్‌కు వాషింగ్టన్ నుంచి ప్రత్యేక అధికారం వచ్చింది, సీనియారిటీ పట్టించుకోకుండా ఎవరినైనా నియమించవచ్చని. ఆ ధైర్యంతోనే పంపాడు.

సెమెటరీ హిల్ అనే గుట్ట మీద ఇద్దరూ కలిశారు. హోవార్డ్ ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఎవరు ఎవరితో ఏమన్నారో తర్వాత ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఒక ఒరలో రెండు కత్తులు. కానీ ఆ రోజు పని ఆగలేదు. హాన్‌కాక్ ఒక పక్క, హోవార్డ్ ఒక పక్క చూసుకుని చెల్లాచెదురైన దళాలను గుట్ట మీద నిలబెట్టారు.

ఎర్రమట్టి
అందరూ హాన్‌కాక్‌ను పొగుడుతారు, డబుల్‌డే సంగతి ఎవరూ ఎత్తరు. రేనాల్డ్స్ పడ్డాక ఒకటో కోర్‌ను రోజంతా ఆయనే నిలబెట్టాడు. రాత్రికల్లా మీడ్ ఆయన కంటే జూనియర్ అయిన న్యూటన్‌ను వేరే కోర్ నుంచి తెచ్చి పైన పెట్టాడు. అదే ప్రత్యేక అధికారం. కత్తికి రెండు వైపులా పదును ఉంటుంది.

తీరిక_లేదు
డబుల్‌డే అంటే బేస్‌బాల్ కనిపెట్టినవాడేనా?

చదువరి63
ఆ కథ నిజం కాదు. అంతటితో వదిలేద్దాం, లేకపోతే ఈ చర్చ క్రికెట్‌లోకి వెళ్తుంది.

విజయ_రిచ్‌మండ్
మీరందరూ హోదాల దగ్గరే ఆగారు. నేను ఉండే ఊరు ఒకప్పుడు దక్షిణాది రాజధాని, కాబట్టి లీ గురించి ఇక్కడ వినని రోజు లేదు. ఆయన ఆజ్ఞ ఇచ్చే తీరు చూడండి. జులై 1 సాయంత్రం యూయెల్‌కు పంపిన మాట: వీలుంటే ఆ గుట్టను పట్టుకో, కానీ మిగతా సైన్యం వచ్చేదాకా పూర్తిస్థాయి యుద్ధానికి దిగవద్దు. యూయెల్ గుట్ట వంక చూశాడు, అలసిన తన దళాలను చూశాడు, వీలు లేదనుకున్నాడు. ఆగిపోయాడు.

మా నాన్న "వీలైతే సాయంత్రం పొలానికి నీళ్లు పెట్టు" అనేవారు. పెట్టకపోతే ఆ రాత్రి అన్నం దగ్గర తెలిసేది అది 'వీలైతే' కాదని. జాక్సన్ ఉన్నప్పుడు లీ 'వీలైతే' అంటే జాక్సన్‌కు అది ఆజ్ఞ. ఇంటి మనిషి కదా, అర్థం తెలుసు. యూయెల్‌కు అది మర్యాదగా ఇచ్చిన సెలవు. మనిషి మారాక మాట కూడా మార్చాలి. లీ మార్చలేదు.

పల్నాటి_పుల్లన్న
విజయమ్మా, ఈ పోలిక చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. మా ఆవిడ "వీలైతే చదవడం మానేసి కూరగాయలు తెండి" అంది. వెళ్తున్నాను.

ఎర్రమట్టి
నేను ఒప్పుకోను. యూయెల్ చేసింది సరైన పనే. గుట్ట మీద అప్పటికే ఫిరంగులు చేరాయి. తన డివిజన్లలో ఒకటి, జాన్సన్‌ది, చీకటిపడే వేళకు గానీ రాలేదు. హిల్ నుంచి సాయం లేదు. తర్వాత దక్షిణాదివారు ఓటమికి కారణం వెతుక్కుంటూ ఒకసారి యూయెల్ మీద, ఒకసారి లాంగ్‌స్ట్రీట్ మీద, ఒకసారి స్టువర్ట్ మీద వేశారు. లీ మీద తప్ప.

విజయ_రిచ్‌మండ్
యూయెల్‌ది తప్పని నేను అనలేదు కదా. తప్పు మాట పంపినవాడిది అంటున్నాను. మీరూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం, మీకు కోపంగా ఉంది అంతే.

ఎర్రమట్టి
సరే. ఆ కోపం వెనక్కి తీసుకున్నాను, మాట మాత్రం కాదు.

పాత_సుబేదారు
జులై 2న ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దాడి కుడి పక్క లాంగ్‌స్ట్రీట్ మొదలుపెట్టాలి, ఆ చప్పుడు విని ఎడమ పక్క యూయెల్ కదలాలి, మధ్యలో హిల్ కలవాలి. లాంగ్‌స్ట్రీట్ శత్రువుకు కనబడకూడదని వచ్చిన దారినే తిరిగి ఇంకో దారి పట్టేసరికి సాయంత్రం నాలుగు దాటింది. యూయెల్ పదాతి కదిలింది చీకటిపడే ముందు. మూడు కోర్‌లూ ఎవరికి వారే యమునా తీరే. బ్రిటిష్ అధికారి ఫ్రీమాంటిల్ ఆ సాయంత్రం లీకి దగ్గరలోనే కూర్చుని చూశాడు. కాల్పులు సాగినంత సేపూ లీ పంపిన కబురు ఒక్కటే, అందుకున్న కబురు ఒక్కటే అని రాసుకున్నాడు. అరవై, డెబ్బై వేల మంది సైన్యానికి ఒక్క కబురు!

ఎడిసన్_నాని
ఫోన్లు లేని రోజులు కదా సుబేదారు గారూ, ఇంకేం చేస్తాడు?

పాత_సుబేదారు
ఫోన్లు లేకపోయినా మనుషులు ఉన్నారు. గుర్రం మీద కబురు మోసే అధికారులు, గుట్టల మీద జెండాలు ఊపి సంకేతాలు పంపే దళాలు. లీ సిబ్బంది చాలా చిన్నది. ప్రణాళిక వేసి కోర్ అధిపతికి అప్పజెప్పాక జోక్యం చేసుకోకూడదన్నది ఆయన నమ్మకం. మీడ్ దానికి వ్యతిరేకం. ఆ సాయంత్రమే అయిదో కోర్‌నూ, పన్నెండో కోర్‌లో చాలా భాగాన్నీ ఎడమ పక్కకు పరుగెత్తించాడు. సికిల్స్ గాయపడగానే మూడో కోర్‌ను కూడా హాన్‌కాక్ చేతిలో పెట్టాడు.

తీరిక_లేదు
ఈ సికిల్స్ ఎవరు? పేరు వినగానే ఇక్కడ ఇద్దరు ముగ్గురికి పూనకం వచ్చేట్టుంది.

చదువరి63
న్యూయార్క్ రాజకీయ నాయకుడు. యుద్ధవిద్య చదివినవాడు కాదు. 1859లో వాషింగ్టన్‌లో పట్టపగలు తన భార్య ప్రియుడిని కాల్చి చంపి, తాత్కాలిక మతిభ్రమణం అన్న వాదనతో నిర్దోషిగా బయటపడ్డాడు. అలాంటివాడి చేతిలో మూడో కోర్. జులై 2న తనకిచ్చిన చోటు పల్లంగా ఉందని, ముందున్న పీచ్ తోట ఎత్తుగా ఉందని, ఆజ్ఞ లేకుండా కోర్‌ను మొత్తం అరమైలు దాకా ముందుకు నడిపించాడు. పక్కవారితో సంబంధం తెగింది. మీడ్ వచ్చి చూసేసరికి లాంగ్‌స్ట్రీట్ ఫిరంగులు మొదలయ్యాయి, వెనక్కి రప్పించే సమయం దాటిపోయింది. మూడో కోర్ నలిగిపోయింది.

ఎర్రమట్టి
ఆ తోటే కనుక దక్షిణాదివారి చేతికి ముందే చిక్కితే వాళ్ల ఫిరంగులకు మంచి మెరక దొరికేది. లాంగ్‌స్ట్రీట్ ముందుగా సికిల్స్‌ను నలపాల్సి వచ్చింది కాబట్టే వెనకున్న గుట్ట దాకా అతని ఊపు అందలేదని వాదించేవారు ఉన్నారు. నేను వారిలో ఒకడిని.

పాత_సుబేదారు
తమ్ముడూ, నేను ఉన్న బెటాలియన్‌లో ఎవరైనా అలా ముందుకు వెళ్లి ఉంటే ఫలితం మంచిదైనా సరే, మర్నాడు విచారణ ఉండేది. పక్కవాడు నీ మీద భరోసాతో నిలబడి ఉంటాడు. నువ్వు చెప్పకుండా కదిలితే అతని పక్క బోసిపోతుంది.

ఎర్రమట్టి
మరి విన్సెంట్ ఆజ్ఞ కోసం ఆగాడా? అతన్ని అందరూ మెచ్చుకుంటారే!

చదువరి63
మంచి దెబ్బ. నాని గారి కోసం చెబుతాను. సికిల్స్ కదిలాక ఎడమ చివర లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట ఖాళీ. మీడ్ పంపితే అక్కడికి ఎక్కిన ముఖ్య ఇంజనీర్ వారెన్‌కు జెండా సంకేతాల మనుషులు తప్ప ఎవరూ కనిపించలేదు. సాయం కోసం మనుషులను పరుగెత్తించాడు. ఒక కబురుమనిషి డివిజన్ అధిపతి కోసం వెతుకుతూ వెళ్తుంటే దారిలో 26 ఏళ్ల కల్నల్ స్ట్రాంగ్ విన్సెంట్ ఆపి, "నీ ఆజ్ఞ ఏమిటో చెప్పు" అని అడిగి, తన బాధ్యత మీద బ్రిగేడ్‌ను గుట్ట ఎక్కించాడు. నాలుగు రెజిమెంట్లు. చివరి కొసలో మెయిన్ రాష్ట్రపు 20వ రెజిమెంట్, దాని కల్నల్ ఛాంబర్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. విన్సెంట్ అక్కడే గాయపడి జులై 7న చనిపోయాడు.

తేడా ఇది. విన్సెంట్‌కు పైవారి ఉద్దేశం తెలుసు, దాన్ని నెరవేర్చడానికి ముందడుగు వేశాడు. సికిల్స్‌కూ పైవారి ఉద్దేశం తెలుసు, అది నచ్చక వేరే చోటు ఎంచుకున్నాడు.

ఎర్రమట్టి
ఈ ఒక్కటీ ఒప్పుకుంటున్నాను. పీచ్ తోట సంగతి మాత్రం ఇంకా నాదే.

పల్నాటి_పుల్లన్న
కూరగాయలు తెచ్చాను. మా ఊరికి కారెంపూడి దగ్గరే. అక్కడ వీరులగుడి ఉంది, ఏటా ఉత్సవం జరుగుతుంది. అదీ అన్నదమ్ముల పోరే కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పవచ్చనుకుంటాను. బ్రహ్మనాయుడు మాల కులానికి చెందిన కన్నమదాసును సేనాపతిని చేశాడని మా పెద్దలు చెబుతారు. జాబితాలో ఎవరు ముందని చూడలేదు. చాపకూడు పెట్టి అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టినవాడు కదా.

విజయ_రిచ్‌మండ్
పుల్లన్న గారు కులం ఎత్తారు కాబట్టి నేను ఒకటి ఎత్తుతాను. మాస్టారు చెప్పిన లెక్కలో దక్షిణాది 70,000 అన్నారు. ఆ సైన్యంతో పాటు వేలమంది బానిసలు నడిచారు. వంట, బండ్లు తోలడం, గుర్రాల పని, గాయపడ్డవారిని మోయడం వారి పని. ఏ స్మారక శిల మీదా, ఏ దళాల పట్టికలోనూ వారి పేర్లు లేవు. అంతే కాదు, పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారిని ఈ సైన్యం పట్టి దక్షిణానికి తోలుకుపోయింది. లీ వ్యూహం, జాక్సన్ చొరవ అని మాట్లాడుకునే ముందు ఆ సైన్యం దేన్ని కాపాడటానికి నడిచిందో కూడా గుర్తుండాలి. నేను ఉండే ఊరిలో లీ విగ్రహం 2021లో దించేశారు. ఆ రోజు నేనూ వెళ్లి నిలబడి చూశాను.

లెక్కల_మాస్టారు
నా లెక్కలో తప్పు దొరికింది, అమ్మా. దిద్దుకుంటాను.

ఎడిసన్_నాని
ఇది మా అమ్మాయికి చెప్పాలి. ఐస్‌క్రీం పక్కన పెట్టి.

మరి మూడో రోజు? ఆ పొడవాటి పొలం అంతా నడిచాం. ఎండకు మైలు దూరం నడిస్తేనే మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

చదువరి63
జులై 3. సుమారు 12,500 మంది ఆ పొలం దాటారు. లాంగ్‌స్ట్రీట్ కింద డివిజన్ అధిపతి పికెట్ పేరు మీద పికెట్ దాడి అంటారు గానీ, అందులో సగానికి పైగా హిల్ కోర్‌వారు. పికెట్ దగ్గర తన మూడు బ్రిగేడ్లే ఉన్నాయి, మిగతా రెండు వర్జీనియాలో ఉండిపోయాయి. హిల్ మనుషులను లాంగ్‌స్ట్రీట్ చేతికిచ్చారు. అసలు ఆ దాడే వద్దన్న లాంగ్‌స్ట్రీట్ చేతికి. హిల్ నాది కాదనుకున్నాడు, లాంగ్‌స్ట్రీట్ తన పికెట్ సంగతి చూసుకున్నాడు. హిల్ డివిజన్లలో ఒకటి జులై 1న బాగా నలిగినది. దాని అధిపతి హెత్ గాయపడితే పెటిగ్రూ నడిపాడు. దాన్ని ఆ వరుసలో పెట్టే ముందు ఎవరైనా సరిగ్గా చూశారా అన్నది నా అనుమానం. ఉమ్మడి ఆస్తికి గోడ కట్టించేవాడు ఉండడు కదా.

పాత_సుబేదారు
ఫిరంగుల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. దక్షిణాదివారు అంతకు ముందే తమ అదనపు ఫిరంగి దళాన్ని రద్దు చేసి మూడు కోర్‌లకూ పంచేశారు. పెండిల్టన్ పేరుకు ఫిరంగులకు పెద్ద, చేతిలో ఏమీ లేదు. లాంగ్‌స్ట్రీట్ ఫిరంగులను ఆ రోజు నడిపించింది కల్నల్ అలెగ్జాండర్, అతను ఆ కోర్ ఫిరంగులకు అధిపతి కూడా కాదు. సుమారు 150 ఫిరంగులు కాల్చాయి గానీ యూయెల్ వైపువి పక్కనుంచి కాల్చే అవకాశాన్ని సరిగ్గా వాడుకోలేదు. మూడు పక్కలనూ ఒక్క చూపుతో చూసేవాడు లేడు.

ఉత్తరాదిలో ఫిరంగులన్నిటికీ అధిపతిగా హంట్ ఉన్నాడు. కోర్ కోర్‌కూ ఒక ఫిరంగి బ్రిగేడ్, అది కాక వందకు పైగా ఫిరంగులతో అదనపు దళం. ఎక్కడ గండి పడితే అక్కడికి తోలడానికి. ఛాన్సలర్స్‌విల్‌లో హుకర్ హంట్‌ను పక్కనపెట్టి దెబ్బ తిన్నాడు. మీడ్ ఆ తప్పు చేయలేదు.

లెక్కల_మాస్టారు
అక్కడా తగవు వచ్చింది కదా, సుబేదారు గారూ?

పాత_సుబేదారు
వచ్చింది, అదీ యుద్ధం మధ్యలోనే. హంట్ మందుగుండు మిగల్చమన్నాడు. శత్రువు పదాతి వచ్చినప్పుడు వాడాలి అని. హాన్‌కాక్ తన మనుషుల ధైర్యం సడలకూడదని తన కోర్ ఫిరంగులను కాలుస్తూనే ఉండమన్నాడు. అదనపు దళం నుంచి వచ్చిన మెక్‌గిల్వరీని కూడా కాల్చమంటే, నా ఆజ్ఞ హంట్ నుంచి అని అతను కాల్చలేదు. లెఫ్టినెంట్ కల్నల్ మేజర్ జనరల్‌కు ఎదురు చెప్పడం! దాడి వచ్చినప్పుడు మెక్‌గిల్వరీ దగ్గర గుండ్లు నిండుగా ఉన్నాయి. హాన్‌కాక్ ఫిరంగుల దగ్గర దూరం నుంచి కాల్చేవి అయిపోయాయి. తన మాట విని ఉంటే ఆ దాడి ఉత్తరాదివారి రాతిగోడ దాకా వచ్చేదే కాదని హంట్ చచ్చేదాకా అన్నాడు.

ఎర్రమట్టి
పదాతివారి కళ్లముందు ఫిరంగులు మౌనంగా ఉంటే వాళ్లకు ఎలా ఉంటుందో హాన్‌కాక్‌కు తెలుసు. దీన్లో నేను హాన్‌కాక్ పక్షం.

పాత_సుబేదారు
నేను పదాతివాడినే తమ్ముడూ. అయినా హంట్ పక్షం.

తీరిక_లేదు
రెండు రోజులుగా ఇది చదువుతూ ఆఫీసు పని వదిలేశాను. ఒక సందేహం. పొగ, దుమ్ము, అరుపులు. తమవాడెవడో ఎలా గుర్తుపట్టేవారు?

చదువరి63
ఉత్తరాదిలో టోపీ మీద గుర్తు. హుకర్ కాలంలో బటర్‌ఫీల్డ్ రూపొందించాడు. ఒకటో కోర్‌కు వృత్తం, రెండోదానికి మూడాకులు, మూడోదానికి వజ్రపు ఆకారం, పదకొండుకు నెలవంక, పన్నెండుకు నక్షత్రం. అయిదు, ఆరు కోర్‌లవి రెండు రకాల శిలువలు. అదే గుర్తు ఎరుపైతే మొదటి డివిజన్, తెలుపైతే రెండోది, నీలమైతే మూడోది. నాని గారూ, మీరు చూసిన రాళ్ల మీద ఆ ఆకారాలు చెక్కి ఉంటాయి, గమనించారా?

ఎడిసన్_నాని
నెలవంకలు చూశాను! ఏదో మతపరమైన గుర్తు అనుకున్నాను. పదకొండో కోర్ అన్నమాట.

చదువరి63
అవును, జర్మన్ వలసదారులు ఎక్కువగా ఉన్న కోర్. కొన్ని రెజిమెంట్లలో జర్మన్‌లోనే ఆజ్ఞలు వినిపించేవి. వాళ్ల బ్రిగేడ్ అధిపతి షిమ్మెల్‌ఫెన్నిగ్ జులై 1న ఊరిలో తప్పించుకోలేక ఒక ఇంటి పెరట్లో పందుల కొట్టం దగ్గర దాక్కుని యుద్ధం అయ్యాక బయటికి వచ్చాడు.

లెక్కల_మాస్టారు
మొదట నాని అడిగిన "ఎవరు పెద్ద" అన్న ప్రశ్నకు ఇంకో ఉదాహరణ మిగిలింది. పన్నెండో కోర్ అధిపతి స్లోకమ్, యుద్ధానికి ముందు మీడ్ తాత్కాలికంగా ఇచ్చిన 'కుడి పక్క అధిపతి' హోదా ఇంకా ఉందనుకుని తన కోర్‌ను విలియమ్స్‌కు అప్పజెప్పేశాడు. జులై 2 రాత్రి లీస్టర్ ఇంటి చిన్న గదిలో మీడ్ సమావేశం పెడితే స్లోకమ్ వచ్చాడు, విలియమ్స్ కూడా వచ్చాడు. ఇతను ఎందుకు వచ్చాడని మీడ్ ఆశ్చర్యపోయాడట. ఆ గదిలోనే అందరూ ఉండి పోరాడదామని చెప్పారు. మా పాఠశాలలో బదిలీ అయిపోయిన ప్రధానోపాధ్యాయుడు, కొత్తాయన ఒకే కుర్చీకి వచ్చిన రోజు గుర్తొచ్చింది.

విజయ_రిచ్‌మండ్
మాస్టారూ, ఆ కుర్చీలో చివరికి ఎవరు కూర్చున్నారు?

లెక్కల_మాస్టారు
బంట్రోతు ఇంకో కుర్చీ తెచ్చాడు.

ఎడిసన్_నాని
అమ్మాయితో కలిసి ఏడు గుర్తులూ కాగితం మీద గీసి రంగులు వేశాం. అందులో సికిల్స్ వజ్రాన్ని మాత్రం మిగతా వాటికి కొంచెం ముందుకు అంటించింది. నేను చెప్పలేదు, తనే. అతనికి ఆ తర్వాత ఏమైందని అడుగుతోంది.

చదువరి63
ఆ సాయంత్రమే ఫిరంగి గుండు తగిలి కుడికాలు పోయింది. ఆ ఎముకను వాషింగ్టన్‌లోని సైనిక వైద్య ప్రదర్శనశాలకు ఇచ్చేశాడు, అప్పుడప్పుడు వెళ్లి చూసుకునేవాడని చెబుతారు. 1897లో తనకు శౌర్య పతకం కూడా వచ్చింది. కాలు ఇప్పుడు మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఉంది, చూడవచ్చు.

ఎడిసన్_నాని
ఆమెకు చదివి వినిపించాను. వచ్చే సెలవులకు సిల్వర్ స్ప్రింగ్ అంటోంది. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.